దిండ్లకు వేసిన కొసరు

మా తాత సుబ్బరామయ్యగారు హిందూపురం బజారులో బట్టల అంగడి నడిపినారు. బ్రతికినన్నాళ్లు ఒక్కరి చేతనైనా "కొలత తక్కువైంది" అని అనిపించుకొనలేదు. కట్టెతో గజము కొలిచిన తరువాత బొటనవేలు అడ్డముగా పెట్టి, ఆ వేలి వెడల్పు కొసరు విడిచి, అప్పుడు కత్తెర ఆడించేవారు. చావు జరిగిన ఇంటినుండి తెల్లగుడ్డకు వచ్చినవారి దగ్గర పైకము పుచ్చుకొనేవారు కారు. మా అవ్వ రంగమ్మగారు ఎండకాలమంతా అంగడి ముందర మజ్జిగ కుండ పెట్టి, రొద్దం వైపునుండి వచ్చిన రైతులకు తన చేతితో పోసేవారు. మా నాయనగారు బడిపిల్లల యూనిఫారం గుడ్డ కొలిచేటప్పుడు "ఎదిగే బిడ్డ!" అని జానెడు ఎక్కువ చింపి ఇచ్చేవారు.

ఇటువంటివారి ఇంట పుట్టి, ముప్పది ఏండ్లు హైస్కూలులో తెలుగు చెప్పి, ఎంతోమంది పిల్లల తప్పులు ఎర్ర సిరాతో దిద్దిన నేను పోయిన వారము ఏమి చేసినానో వినండి. పన్నెండు పట్టు దిండ్లను నలుగురిలో నవ్వులపాలు చేసినాను! నవ్వకండి, ఇంకా చెప్పనే లేదు. ముందు టీ తాగండి.

మా మనవరాలు మేఘన మీకు తెలిసినదే. ఈ మధ్య ఒక వ్యాపారము మొదలుపెట్టింది. పట్టుగుడ్డతో దిండ్లకు తొడిగే గలీబులు కుట్టించి పరదేశపు అంగళ్లకు పంపడము. నేత ధర్మవరంలో, కుట్టు పెనుకొండలో, కంప్యూటరు హిందూపురంలో మా ఇంటి నడవలో. ఆ కంప్యూటరులో ఒక పెద్ద పట్టిక ఉన్నది. దానిని ఆమె "ప్రాడక్ట్ షీట్" అంటుంది. ఒక్కొక్క గలీబుకు ఒక్కొక్క వరుస. రంగు, జరీ, జిప్పు పొడవు, గలీబు కొలత, అన్నీ అందులోనే. కొలతకు మాత్రము రెండు గళ్లు. ఒకదానిలో అంగుళాలు, ఒకదానిలో సెంటీమీటర్లు. కొనేవారు అంగుళాలలో అడుగుతారట. పెనుకొండ కుట్టు షెడ్డుకు పోయే కార్డులో సెంటీమీటర్లు అచ్చవుతాయట. ఒక గడిలో అంకె మారిస్తే రెండవ గడి తనంతట తానే మారుతుంది. ఈ సంగతి మేఘన నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నేను తల ఊపినాను.

ఇక అసలు సంగతి. కొనేవారి తరఫున బెంగళూరునుండి ఒక ఆమె సోమవారము పెనుకొండకు వచ్చి పన్నెండు నమూనాలు చూస్తుందని కబురు వచ్చింది. దిండ్లు వారివి, గలీబులు మనవి. దిండ్లు ముందే మా ఇంటికి పంపినారు, పదహారు అంగుళాల చదరము. గలీబులు సరిపోతే ఏడాది పొడుగునా ఆర్డరు. పెనుకొండ షెడ్డులో తొమ్మిదిమంది ఆడవాళ్ల మిషన్లకు పని. సరిపోకపోతే ఆ పని వేరే ఊరికి పోతుంది. పట్టు పన్నెండింటికి చాలినంతే నేసినారు. మళ్లీ నేయించడానికి గడువు లేదు. ఇదీ పరిస్థితి.

గురువారము ఉదయము మేఘన బ్యాగు భుజాన వేసుకొని, చెప్పులు తొడుగుతూ అన్నది:

"అవ్వా, నేను ధర్మవరం పోతాండా. పట్టు పెనుకొండలో దింపేసి, మళ్లీ మగ్గాల దగ్గరికి పోవల్ల. శనివారం వస్తా. ఆ షీట్‌లో అన్ని వరుసలకూ సైజు ఒక్కటి ఫిల్ చేసేది మిగిలింది. బస్సులో ఫోన్‌లోనే చేస్తాలే."

"కదిలే బస్సులో అంకెలు వ్రాస్తావా! నేను నింపుతాను."

"నువ్వా?"

"ముప్పది ఏండ్లు మార్కుల రిజిస్టరు నింపినదానిని. ఒక్క గడి నింపలేనా?"

ఆమె చెప్పు తొడగడము ఆపింది. "సరే. పదహారు కొట్టు, ఎంటర్ కొట్టు, కిందివరకూ లాగు, అప్రూవ్ నొక్కు. అంతే అవ్వా. ఇంకేమీ ముట్టుకోవద్దు."

"ఇంకేమి ముట్టుకొంటాను?" అన్నాను, కొంచెము కోపముగానే.

స్నానము చేసి, కుంకుమ పెట్టుకొని, కంప్యూటరు ముందర కూర్చున్నాను. అంగుళాల గడిలో 16 కొట్టినాను. ప్రక్క గడిలో 40.64 అని పడింది. నలభై, చుక్క, అరవై నాలుగు! మా అంగట్లో ఎవరైనా ఇట్లా కొలిచినారా? ఈ చిల్లర ఎందుకు, నలభై ఒకటి చేద్దామనుకొన్నాను. నలభై ఒకటి చేసిన తరువాత కొసరు వేయకుండా ఎట్లా? మా తాతగారు చూస్తే ఏమంటారు? సెంటీమీటర్ల గడిలో 42 కొట్టినాను. మనసుకు నిమ్మళమైంది.

ఎందుకో అంగుళాల వైపు చూచినాను. నా పదహారు లేదు! 16.54 అని ఉన్నది. మళ్లీ చిల్లర! సరే, దీనిని 17 చేసినాను. అంతలో సెంటీమీటర్లు 43.18 అయినాయి. వాటిని 44 చేసినాను. అంగుళాలు 17.32. దానిని 18 చేసినాను. అటు 45.72. నాకు పంతము వచ్చింది. 46 కొట్టినాను. అంగుళాలు 18.11 దగ్గర నిలిచినాయి. ఆ పదకొండును యంత్రము తనంతట తాను వేసిన కొసరుగా భావించి, దానిని తీసివేయడము మర్యాద కాదని వదలిపెట్టినాను.

తక్కిన పదకొండు వరుసలు ఉన్నాయి గదా. గడి మూల పట్టుకొని క్రిందికి లాగితే అన్నీ నిండుతాయని మేఘన ఒకసారి చూపించింది. ఆ విద్య మాత్రము నాకు చక్కగా గుర్తున్నది! లాగినాను. పన్నెండు గలీబులు ఒకేసారి పెరిగినాయి. అప్రూవ్ నొక్కినాను. పచ్చని టిక్కు పడింది. ఆ రోజంతా నా నడకయే వేరు. ప్రక్కింటి కాంతమ్మను పిలిచి మరీ చెప్పినాను, "ఇప్పుడు డేటా పని కూడా నేనే చూస్తున్నాను" అని.

శుక్రవారము మధ్యాహ్నము ఫోను మ్రోగింది. పెనుకొండ షెడ్డు చూచుకొనే నాగమణి.

"అవ్వా, బాగుండారా? మేఘన ఫోను ఎత్తలేదు, మగ్గాల సద్దులో ఉందేమో. ఈడ జిప్పు పొట్టిగా ఉండాదే?"

"ఎంత పొట్టి?"

"గుడ్డకూ జిప్పుకూ జత కుదర్లేదవ్వా. రెండంగుళాలు తక్కువ పడతాంది."

ఇక్కడ ఎవరైనా ఒక నిమిషము ఆలోచిస్తారు. జిప్పు పొడవు ఆ పట్టికలోనే వేరే గడిలో ఉన్నది; దానిని నేను ముట్టుకొనలేదు; అది ఉన్నదున్నట్లు వచ్చింది. ఆ పట్టికలో నిజము చెబుతున్నది ఆ జిప్పు ఒక్కటే. నేను ఏమన్నానో తెలుసునా?

"నాగమణీ, కార్డులో కొలత ఉన్నదా?"

"ఉండాది."

"కార్డును చూడు, జిప్పును చూడకు. తప్పు జిప్పుది. చాలని చోట మూసి కుట్టించు."

"సరేనవ్వా. చదువు చెప్పినోళ్లు, మీకు తెలీదా" అని పెట్టేసింది.

శనివారము మేఘన పెనుకొండలో దిగి, గలీబులు సంచిలో వేసుకొని ఇల్లు చేరింది. ఇంకా పొద్దు ఉన్నది. నేను కాఫీ కలుపుతున్నాను. నడవలో కూర్చొని మొదటి దిండును ఎర్ర గలీబులో దూర్చింది. దిండు లోపలికి పోయింది. పోయి, ఒక మూల కూర్చున్నది. ఆమె సర్దింది. ఇంకొక మూలకు పోయింది. గలీబు పట్టి ఆడిస్తే లోపల దిండు అటూ ఇటూ తిరుగుతున్నది, అన్న చొక్కా తొడుక్కొన్న తమ్ముని మాదిరి! పచ్చది తీసింది. అదీ అంతే. నీలము. అదీ అంతే.

మేఘన టేపు తెచ్చి కొలిచింది. వెంటనే ఫోను తీసింది.

"నాగమణక్కా, ఏమిది? పదహారంటే పద్దెనిమిది కోసినారు! కార్డు చూసుకోరా? ఎల్లుండి వాళ్లు వస్తాండారు, ఇప్పుడు నేనేం చెప్పల్ల? మీ షెడ్డుకే ఇద్దామని పట్టుపట్టిండేది నేనే కదక్కా!"

అటువైపునుండి నాగమణి గొంతు సన్నగా వినబడుతున్నది. "కార్డు ప్రకారమే కోస్తిమి పాపా... కార్డులోనే..." అంటున్నది. మేఘన వినడము లేదు.

నేను కాఫీ గ్లాసుతో వంటింటి గడపలో నిలబడినాను. నిజము చెబుతున్నాను: ఒక క్షణము ఊరకుందామా అనిపించింది. ఈ వయసులో, మనవరాలి ముందర, ప్రక్కింటి కాంతమ్మకు అంత గొప్ప చెప్పిన తరువాత! కాని ఆ తల్లి నాగమణి తొమ్మిదిమందిని కూర్చోబెట్టి, కార్డు ఎట్లా ఉంటే అట్లా కోయించింది. పైగా నన్ను అడిగింది కూడా. నా మూలముగా ఒకరి చేతిపనికి మాట రావడమా? మా ఇంట అది లేదు.

"ఫోను పెట్టవద్దు" అన్నాను. "నాగమణి తప్పు లేదు. తప్పు నాది. ఆ మాట ఆమెకు వినబడేటట్లు చెప్పు."

మేఘన నన్ను చూచింది. ఫోను చేతిలోనే ఉన్నది. "నువ్వేం చేసినావవ్వా? పదహారు కొట్టమంటే కొట్టినావు కదా?"

"మొదట కొట్టినాను."

"మొదటనా?"

ఆమె కంప్యూటరు తెరిచింది. ఎవరు ఎప్పుడు ఏమి మార్చినారో అది వరుసగా దాచిపెడుతుందట! నాకు ఆ సంగతి తెలియదు. మేఘన గట్టిగా చదువుతున్నది. "పదహారు, అవ్వ. నలభై రెండు, అవ్వ. పదిహేడు, అవ్వ. నలభై నాలుగు, అవ్వ. పద్దెనిమిది, అవ్వ. నలభై ఆరు, అవ్వ." తల ఎత్తింది. "ఏందవ్వా ఇది, వేలంపాటనా?"

ఫోనులో నాగమణి నవ్వు! ఆమె ఇంకా లైనులోనే ఉన్నది.

"కొసరు వేసినాను" అన్నాను. "కొలత ఇచ్చేటప్పుడు కొంచెము ఎక్కువ ఇవ్వడము మా ఇంటి పద్ధతి. మా నాయనగారు ఎదిగే బిడ్డలకని..."

"పిల్లోళ్లు ఎదుగుతారవ్వా. దిండ్లు ఎదుగుతాయా?"

చేతిలోని కాఫీ గ్లాసు ఆమె ముందర పెట్టినాను.

ఆ పిల్ల నన్ను కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. ముందర నాగమణికి "సారీ అక్కా, తెలీక అనేస్తి" అని చెప్పి ఫోను పెట్టేసింది. తరువాత పన్నెండు గలీబులను ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటిమీద చేయి వేసి, "సోమవారం ఏం చూపించల్ల?" అన్నది. నన్ను కాదు, తనను తానే అడుగుకొన్నది.

నేను ఒక గలీబు తీసి వెలుతురులో పట్టినాను. బట్టల అంగడివారి బిడ్డను. కొలతలో తప్పినానేమో గాని గుడ్డ చూడడము మరచిపోలేదు. జరీ అంచు ఒక్క పక్కనే ఉన్నది. జిప్పు కూడా ఆ పక్కనే. తక్కిన మూడు పక్కలు ఒట్టి పట్టు.

"మేఘనా, పెద్దది అయింది గనుక బ్రతికినాము. చిన్నది అయి ఉంటే ఏమీ చేయలేము. జరీ పక్కలో, జిప్పు చాలక మూసి కుట్టిన కొసలు తప్ప ముట్టుకొనవద్దు. మూడు పక్కలు విప్పి, కోసి, కుట్టుదాము. రేపు పొద్దున్నే మొదటి బస్సుకు పోదాము."

"నువ్వూనా?"

"నేను పెంచినవి, నేను తగ్గించనా?"

ఆదివారము పెనుకొండలో దిగి షెడ్డుకు పోయేసరికి తొమ్మిదిమందీ వచ్చి ఉన్నారు. ఆదివారము అయినా వచ్చినారు. నాగమణి గడపలోనే నడుముమీద చేయి వేసుకొని నిలబడింది.

"రాండవ్వా, రాండి! దిండుకు కుట్టమంటిరా, ఎనుముకు కుట్టమంటిరా?"

లోపల ఒకటే నవ్వు. వెనుకనుండి ఎవరో, "ఆ జిప్పుదే తప్పంట కదక్కా!" అన్నారు. మళ్లీ నవ్వు.

"నవ్వండమ్మా" అన్నాను. "మీకు ఆ హక్కు ఉన్నది. నవ్వుతూ కత్తెర ఇవ్వండి."

"గుడ్డ చాలక ఎన్ని పాట్లు పడితిమో తెలుసునా? మూల మూల పిండి పిండి తీస్తిమి. ఇంత పెద్ద దిండు ఏ దొరదో అనుకొంటిమి!" అన్నది నాగమణి.

కూర్చొని కుట్లు విప్పడము మొదలుపెట్టినాను. గొప్పకు చెప్పడము లేదు, అయినా చెబుతున్నాను: నాకు డెబ్బది నాలుగేండ్లు, కండ్లజోడు లేకుండా పట్టు కుట్టు విప్పగలను. పన్నెండింటిలో నాలుగు నేనే విప్పినాను. ఒక్క పోగు తెగలేదు. నాగమణి ఒకటి తీసుకొని తిప్పి తిప్పి చూచి, ఇంకొక గలీబు నా ఒడిలో వేసింది. అది చాలు నాకు.

మళ్లీ కోసేటప్పుడు ఒక సంగతి బయటపడింది. కుట్టుకు అంచున ఎంత గుడ్డ వదలవలెనని మేఘన అడిగింది. ఒకామె "అరంగుళం" అన్నది. ఇంకొకామె "ముప్పావు" అన్నది. మూడవ ఆమె "వేలెడు పెడతా నేను" అని వేలు చూపించింది. ఆ వేలు బాగా లావుగా ఉన్నది! మేఘన నెత్తి పట్టుకొన్నది. "ఇది షీట్‌లో యాడా లేదే! తలా ఒక రకంగా వదిల్తే సైజు ఎట్ల వస్తాది?"

అప్పుడు నాకు తోచినది చెప్పినాను.

"కుట్టేవాళ్లకు కొంచెము ఎక్కువ గుడ్డ కావలె. కొనేవాళ్లకు సరిగ్గా కావలె. ఈ రెండూ ఒకే గడిలో పెడితే ఎవరో ఒకరు చేయి పెడతారు, నేను పెట్టినట్లు. కుట్టిన తరువాతి కొలత ఒక గడి. కుట్టుకు వదిలేది ఇంకొక గడి. ఆ రెండవది షెడ్డు కార్డులో మాత్రము కనబడవలె. అప్పుడు ఎవరూ తమ వేలితో కొలవనక్కరలేదు."

మేఘన నన్ను చూచింది. శనివారము చూచిన చూపు కాదు. ఫోను తీసి అక్కడే ఆ గడి చేర్చింది. అరంగుళము అని నాగమణి తేల్చింది. లావు వేలి ఆమె కూడా ఒప్పుకొన్నది.

సందె పడకముందే పన్నెండూ ముగిసినాయి. వెంట తెచ్చిన దిండు దూర్చితే మూలలు నిండినాయి. జిప్పు ఈ కొసనుండి ఆ కొసవరకు పోయింది.

సోమవారము ఆ బెంగళూరు ఆమె వచ్చింది. చిన్న వయసే, చేతిలో స్టీలు టేపు. ఒక్కొక్క గలీబును కొలిచింది. అన్నింటినీ, ఒక్కటి విడవకుండా! మేఘన వ్రేళ్లు విరుచుకొంటున్నది. తొమ్మిదిమంది మిషన్లు ఆపి చూస్తున్నారు. నేను మూలన కుర్చీలో కూర్చొని ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాను. పన్నెండవది కొలిచి, టేపు చుట్టి, "సరియాగిదె" అన్నది. కన్నడంలో, సరిగ్గా ఉన్నది అని. మన హిందూపురంవాళ్లకు ఆ మాట ఎవరూ తెలుగులో చెప్పనక్కరలేదు గదా. షెడ్డులో మిషన్లు మళ్లీ ఆడినాయి.

తరువాత ఆమె మేఘన ఫోనులో షీటు చూపమన్నది. క్రొత్త గడి దగ్గర వేలు నిలిపి, కుట్టుకు వదిలేది ఇట్లా వేరుగా వ్రాసేవాళ్లు తక్కువ, ఇది ఎవరు పెట్టించినారు అని అడిగింది. మేఘన నా వైపు చూపి, కన్నడంలోనే చెప్పింది. "మా అవ్వ. మా డేటా అంతా ఆమెనే నేర్పించింది." అంత అబద్ధము నేను ఎన్నడూ వినలేదు, అంత సంతోషమూ ఎన్నడూ కలుగలేదు. నేను లేచి, కొంగు సవరించుకొని, నమస్కారము చేయబోయినాను.

వెనుకనుండి నాగమణి: "పెద్దవి చేసిందీ ఆమెనే!"

ఆ బెంగళూరు ఆమెకు తెలుగు తెలియకపోవడము దైవానుగ్రహము. ఆర్డరు వచ్చింది. మొదటి విడత పట్టు ధర్మవరంలో మగ్గాల మీద ఉన్నది.

ఇక నేను మేఘనకు అప్పగించినవి చెప్పి లేస్తాను. కొలతకు రెండు గళ్లు ఉన్నా, చేతితో నింపేది అంగుళాల గడి ఒక్కటే. సెంటీమీటర్లు లెక్క ప్రకారము వస్తాయి, వాటిని ఎవరూ దిద్దరాదు. అంకె ప్రక్కన అది అంగుళమో సెంటీమీటరో వ్రాయవలె. కుట్టుకు వదిలేదానికి వేరే గడి. కుట్టేవారు సందేహము అడిగినప్పుడు ముందు టేపు తీయవలె, తరువాత నోరు తెరవవలె. ఈ నాలుగూ నేను నా చేతితో అట్టమీద వ్రాసి ఇచ్చినాను. షెడ్డు గోడకు తగిలించినారు. షీటు మేఘనది. దానిని తెరవగలవారిలో అవ్వ పేరు కూడా ఉన్నది, తీసివేయలేదు. నేను తెరిచినప్పుడల్లా పైన ఒక మాట కనబడుతుంది: "అవ్వ చూడవచ్చు, మార్చరాదు". చివర పూర్ణవిరామము లేదు. పెట్టబోయినాను. పెట్టనివ్వలేదు.